పసుపు పూసిన కారు

శుక్రవారం తెల్లవారిందంటే కనకమహాలక్ష్మి గడపతో పాటు కారుకీ పసుపు రాయాలి. గడపతో పేచీ లేదు, అది ఉన్నచోట ఉంటుంది. కారుకైతే చక్రాలు, దీపాలు, తలుపుల పిడులు, ఆఖరికి పెట్రోలు పోసే మూత కూడా. "అది దాని నోరే అమ్మాయ్. తిండి తినే నోటికి పసుపు లేకపోతే ఎలాగ?" అనేది అత్తగారు వర్ధనమ్మ అరుగు మీద కూర్చుని. వారం వారం పూత మీద పూత పడి ఆ మూత మీద పసుపు అట్టు కట్టింది. వాన కూడా దాని జోలికి పోయేది కాదు.

ఆ కారు కనకం మొగుడు, నర్సీపట్నం ప్లీడరు సోమసుందరానిది. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు విశాఖపట్నంలో ఓ డాక్టరు దగ్గర పాతది కొన్నాడు. డాక్టరు దగ్గర బుద్ధిగా నడిచిన కారు ప్లీడరింటికి వచ్చాక వాయిదాలు అడగడం నేర్చింది. బయల్దేరుతుంది, కొంత దూరం పోతుంది, బస్సులూ బళ్లూ జనమూ కిక్కిరిసిన చోటు చూసుకుని గుక్కపట్టి ఆగిపోతుంది. సంతనాడు అది నడిరోడ్డు మీద ఆగితే వెనక నిలిచిపోయిన బళ్లలో చెరకు ఫ్యాక్టరీకి చేరేలోగా బెల్లమైపోయిందని ఊళ్లో చెప్పుకునేవారు. బెల్లం మాట ఎలా ఉన్నా, పాకం వాసన వచ్చిందని ప్రమాణం చేసినవాళ్లు మాత్రం ఉన్నారు.

మెకానిక్కులు మూత తీసి పెట్రోలు చూసేవారు, బిగించేవారు, స్టార్ట్ చేసేవారు. షెడ్డులో అది హాయిగా పాడేది. యంత్రంలో తప్పు లేదని తేలాక ఆ తప్పు ఎవరో ఒకరి మీద ఉండాలి కదా, అది కనకం మీద పడింది. "నువ్వు తలుపు విసురుగా వేస్తావు, అందుకే," అనేవాడు సోమసుందరం. "ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు పెట్టావో," అనేది వర్ధనమ్మ. ఆగిన ప్రతిసారీ ఏర్పాటు ఒకటే. ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు, ఆవిడ వెనక సీట్లో మోకాళ్లు పట్టుకుని కూర్చుంటుంది, కనకం దిగి చీర కుచ్చిళ్లు దోపుకుని తోస్తుంది. దారినపోయేవాళ్లు ఎవరైనా చెయ్యి వేస్తే వేసినట్టు. వెనక నుంచి బస్సు గుద్దేస్తే ఏమిటండీ అని ఓసారి అడిగితే, "బస్సువాడికి కళ్లుండవా? పిచ్చి ప్రశ్నలు," అన్నాడాయన. ఆ తర్వాత ఆమె అడగలేదు కానీ, పప్పు రుబ్బుతున్నా, పిండి జల్లిస్తున్నా వీపు మీద వేడిగాలి తగిలినట్టయి ఉలిక్కిపడి వెనక్కి చూసేది. చచ్చిపోతానన్న భయం సగమే. పోయాక కూడా తలుపు విసురుగా వెయ్యబట్టే పోయిందంటారేమోనన్నది మిగతా సగం.

కార్తీక సోమవారం బలిఘట్టం గుడికి బయల్దేరారు. మెయిన్ రోడ్డు మీద, సీతాఫలాల బుట్టలు పెట్టుకుని ఏజెన్సీ కొండవాళ్లు కూర్చునేచోట, కారు ఠపీమని ఆగింది. కనకం దిగింది. రెండు చేతులూ డిక్కీకి ఆనించి తోస్తుండగా వెనక బ్రేకులు కీచుమన్నాయి. చింతపల్లి బస్సు. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడేమో, అది ఆమె వీపుకి చెయ్యెడు దూరంలో ఆగింది. ఇన్నాళ్లూ ఊహించుకున్న వేడిగాలి ఇవాళ నిజంగానే జాకెట్టుకి తగిలింది.

సోమసుందరం పరుగున దిగి వచ్చి డిక్కీ తడిమి చూశాడు. "హమ్మయ్య, గీత పడలేదు," అన్నాడు.

ఈలోగా కనకం ఎప్పుడూ సీతాఫలాలు కొనే సోమలమ్మ బుట్ట వదిలేసి వచ్చి కనకం రెక్క పట్టుకుని పక్కకు లాగింది. "నీకేటీ తగల్నేదు గదమ్మా? ఏదీ, ఇటు తిరుగు. సెయ్యి సూపించు." వీపు తడిమింది, మోచెయ్యి తడిమింది, తన గోనెపట్టా మీద కూర్చోబెట్టి పండు విప్పి చేతిలో పెట్టింది. "తిను బేగి. గుండె నిలబడతాది. ఆ బాబుకి కారు మీదే బెంగ నాగుంది."

కనకం పండు అందుకుంది. నీకేమైనా తగిలిందా అని ఈ మధ్య ఎవరడిగారు? పురుడొచ్చిన్నాడు పిల్లాడా పిల్లా అని అడిగారు, ఆ పిల్ల దక్కనప్పుడు మళ్లీ ఎప్పుడని అడిగారు. నూనె మీద పడి చెయ్యి కాలినప్పుడు గారెలు మాడాయా అని అడిగారు. అందులో ఎవరూ దుర్మార్గులు కారు, వాళ్లకి ఆ ప్రశ్న తట్టదు, అంతే. తనకైనా తట్టిందా? కోపం రావలసిన చోట ఆమెకు కళ్లనిండా కృతజ్ఞత వచ్చింది. పేరైనా తెలియని ఆ డ్రైవరు పాదానికి, ఈ గరుకు చేతులకి, ఆఖరికి ఆగి ఆగి తనని ఈ గోనెపట్టా దాకా తెచ్చిన కారుకి కూడా. పండు తింది. పంచదార కూడా సిగ్గుపడేటంత తీపి.

అక్కణ్నుంచి చూస్తే కారు వెనక భాగమంతా కనిపిస్తోంది. సోమసుందరం సెల్ఫు కొడుతున్నాడు, కొట్టిన కొద్దీ అది నీరసపడి చివరికి మూలిగి ఊరుకుంది. బ్యాటరీ అయిపోయింది. కనకం చూపు పసుపు అట్టు కట్టిన మూత మీద నిలిచింది. కొత్త నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే కాస్త పోసి బిగుసుకుపోతుంది. లోపలికి గాలి పోవడానికి ఎదురుగా మరో చిల్లు పొడవాలి. వంటింట్లో అడుగుపెట్టిన ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే. లేచి వెళ్లి మూత తిప్పింది. ట్యాంకు ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. గాజులకున్న పిన్నీసు తీసి పసుపు గీకితే కింద గింజంత రంధ్రం బయటపడింది.

"గాలి ఆడక ఆగిపోతోందండీ. మన పసుపే మూసేసింది," అంది.

"ఇదిగో, పిన్నీసు మెకానిక్కు వచ్చింది," అని నవ్వాడాయన. "సరే, సెల్ఫు పోయింది. తొయ్యి."

కనకం డిక్కీ వైపు పోలేదు. డ్రైవరు సీటు దగ్గరకు వెళ్లి నిలబడింది. "మీరు దిగండి. ఇవాళ మీరు తొయ్యండి."

"స్టీరింగు నీకేం తెలుసే?"

"పక్కనుండి చూస్తూనే ఉన్నాను కదండీ. క్లచ్ తొక్కి రెండో గేరు, కారు కదిలాక క్లచ్ వదలాలి. ఆగాలంటే మళ్లీ తొక్కి బ్రేకు. ఇంకోసారి ఆ బస్సుకి వీపు చూపించను. కాదంటే నడిచి ఇంటికి పోతాను."

బస్సు హారన్ కొట్టింది. "బాబూ, బేగి తెమల్చండి," అని కిటికీల్లోంచి జనం కేకేశారు. సోమసుందరం దిగాడు. సోమలమ్మా, బస్సులోంచి దిగినవాళ్లూ ఓ చెయ్యి వేశారు. కారు కదిలింది, దగ్గింది, వెనక సీట్లోంచి వర్ధనమ్మ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది, ఇంజను అందుకుంది. కొంచెం ముందుకు పోయి కనకం రోడ్డు పక్కకు తీసి, కుదుపుతో ఆపింది. ఇంజను మాత్రం ఆగలేదు.

ఆమె వంగి ఎడమవైపు ముందు తలుపు తీసింది. "సోమలమ్మా, ఎక్కు. గుడి దగ్గర నీ పళ్లు బాగా పోతాయి."

"నానా? ముందా?" అంటూనే సోమలమ్మ బుట్ట ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చుంది.

సోమసుందరం ఒగరుస్తూ, మట్టిచేతులు దులుపుకుంటూ వచ్చాడు. "ఇంక దిగు."

"దిగుదును. నేను దిగేటప్పుడు ఇంజను ఆగితే మళ్లీ మీరే తొయ్యాలి మరి," అంది కనకం నెమ్మదిగా.

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. బస్సు వైపు చూశాడు. తర్వాత వెనక తలుపు తీసి, వాళ్లమ్మ పక్కన కూర్చుని, ఆ తలుపు ఎంతో మెల్లగా వేసుకున్నాడు.