ఎర్రగీత దగ్గర ముల్లు

కుదురు అనే మాట ఆమె నుదుట రాయలేదు. అన్నం తింటూ కాలు ఊపుతుంది, ఫోన్ మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతుంది. విమానాల రిపేరు షెడ్డులో అందరూ ఆమెకి పెట్టిన పేరు తొందర. అలాంటి మనిషిని తెచ్చి, పాత విమానం కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, నిమ్మళంగా ఇంజను స్టార్ట్ చెయ్యమంటే ఎలా ఉంటుంది? కాలుగాలిన పిల్లిని పీటమీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

పరీక్ష పెట్టేది ఎవరో కాదు, సొంత అక్క మొగుడు. ఆ షెడ్డులో ఇంజను నడిపే లైసెన్సు ఇచ్చే అధికారం ఆయనొక్కడికే ఉంది. బావ కదా, కనికరిస్తాడనుకుంటే పొరపాటే. రెండుసార్లు ఫెయిల్ చేశాడు. రెండుసార్లూ ఒకటే మాట: "ఇంజను బాగానే అందుకుంటోంది, నువ్వే కంగారుపడి ఆపేశావు." వేడి చూపించే ముల్లు ప్రమాదం గుర్తుగా గీసిన ఎర్రగీతకేసి పరుగెత్తింది మొర్రో అని ఆమె మొత్తుకున్నా వినలేదు. ఆయన మాట మీద ఆ ఇంజన్ని ఎవరూ విప్పి చూడనూ లేదు. ఇది మూడోసారి. ఇదీ పోతే ఇంక ఇంజను మొహం చూడనివ్వరు, స్టోరులో కూర్చుని అడిగినవాళ్ళకి నట్లూ బోల్టులూ అందించుకోవడమే.

"ఏం మరదలా, రాత్రి నిద్రపోయావా?" పక్క సీట్లో సర్దుకుంటూ అడిగాడు బావ.

"మీరు పోనిస్తేగా! కల్లోకి కూడా వచ్చి ఫెయిల్ చేశారు."

ఆయన నవ్వి, "సరే, పాఠం అప్పజెప్పు" అన్నాడు.

"ముందున్న చక్రాలు గాలిని లోపలికి లాగి, నొక్కి నొక్కి కుదిస్తాయి. ఆ గాలిలో ఇంధనం పోసి మంట పెడితే ఉబ్బి వెనక్కి తన్నుకుపోతుంది. అది వెనక్కి తన్నితే విమానం ముందుకి పోతుంది. పోతూ పోతూ దారిలో టర్బైన్ అనే వెనక చక్రాన్ని తిప్పుతుంది, ఆ టర్బైనే ముందు చక్రాలని తిప్పుతుంది."

"మరి మొదట్లో ఎవరు తిప్పుతారు?"

"స్టార్టరు. ఇంజను తన కాళ్ళమీద తాను నిలబడేదాకా. ఈలోగా స్టార్టరు చేతులెత్తేసిందా, గాలి చాలదు, మంట మాత్రం ఆగదు. టర్బైన్ రెక్కలు మాడి మసైపోతాయి. అందుకే ఇంధనం వదిలే, ఆపే లీవరు మీంచి చెయ్యి తియ్యకూడదు."

"అన్నీ తెలుసు, నిదానం ఒక్కటే లేదు" అంటూ, లీవరు మీదున్న ఆమె చేతిమీద తన చెయ్యి వేశాడాయన. పరీక్షల్లో ఆయనకదో అలవాటు.

కింద నిలబడ్డ మనిషి చెయ్యి ఊపాడు. ఆమె స్టార్టరు నొక్కింది. ఇంజను మూలిగి, ఈలవేసి, తిరగడం మొదలెట్టింది. కాస్త వేగం రాగానే ఇంధనం వదిలింది. భగ్గున అంటుకుంది. వేడి చూపించే ముల్లు లేచింది. వేగం చూపించే ముల్లు కొంతదూరం ఎక్కి, అక్కడే మొండికేసింది.

ఇది నిజమేనా, లేక తన పాడు తొందరేనా? మళ్ళీ చూసింది. వేడి ఎక్కుతోంది, వేగం కదలడం లేదు.

"బావా, ఆపేస్తున్నా."

"ఆగవే తల్లీ, అందుకుంటోంది."

"అందుకోవడం లేదు!"

"నేను చెప్తున్నాగా!" ఆయన చెయ్యి ఆమె చేతిని ఇంకా గట్టిగా అదిమింది.

లైసెన్సు పోతుందని తెలుసు. అయినా ఆ చేతిని విదిలించి కొట్టి, లీవరు లాగేసింది. వేడి ముల్లు ఎర్రగీతని ముద్దుపెట్టుకున్నంత పనిచేసి వెనక్కి తిరిగింది. ఇంజను ఆగిపోయింది.

"మూడోసారి కూడానా!" బావ కోపంగా అరిచాడు. "బంగారంలాంటి స్టార్టు పాడుచేశావు కదే!"

బంగారమా! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అరవబోయి ఆయన వైపు తిరిగి, ఆగిపోయింది. ఆయన డయళ్ళకేసి కళ్ళు చిట్లించి, తల కాసేపు ఎడమకీ కాసేపు కుడికీ వాలుస్తున్నాడు.

"బావా," మెల్లగా అడిగింది, "ఇప్పుడు వేడి ముల్లు ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? అడుక్కి దిగిపోయింది."

అది ఇంకా సగంలోనే వేలాడుతోంది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడంతోనే ఆయనకి అర్థమైంది.

"నడిమధ్య మచ్చలా ఉంటుందే," అన్నాడు చివరికి. "చుట్టుపక్కలంతా కనబడుతుంది. చూడాలనుకున్నదే కనబడదు. నీ మొదటి పరీక్షకి ముందునుంచీ ఇంతే. చప్పుడు బట్టి నెట్టుకొస్తున్నా."

అంటే ఆ రెండుసార్లూ తను చూసింది నిజమే! నెలల తరబడి అద్దం ముందు నిలబడి తన్ను తాను తిట్టుకుంది. కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"పాస్ చేసేస్తానే," గబగబా అన్నాడాయన. "ఇప్పుడే సంతకం పెడతా. మీ అక్కకి మాత్రం చెప్పకు. ఈ పని పోతే నేనేమైపోవాలి?"

నోరు మూసుకుంటే చాలు, లైసెన్సు చేతిలో పడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. కానీ రేపు ఈ సీట్లో ఇంకొకరు కూర్చుంటారు, బావ మాట మీద గౌరవంతో చెయ్యి కదపకుండా కూర్చుంటారు.

"ముల్లు కనబడని మనిషి సంతకం నాకెందుకు బావా? పెద్ద ఇంజనీరుకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన లేచి, తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళి, నిచ్చెన ముందు నిలబడిపోయాడు.

"రోజూ అందరూ వెళ్ళాక దిగుతా," అన్నాడు. "చూస్తారని."

ఆమె ముందు తను దిగి, చెయ్యి చాచి ఆయన పాదం పట్టుకుంది. షెడ్డులో అందరూ పని ఆపి ఇటే చూస్తున్నారు.

"చూడనివ్వండి," అంది. "కాలు దించండి, మెట్టు ఇక్కడుంది."