ముగ్గురికి సరిపడా బియ్యం

నేను ఒక చిన్న కుక్కరుని. అల్యూమినియం రేకుని గుండ్రంగా కోసి, మిషను కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దితే పుట్టాను. పుట్టుకే దెబ్బ కాబట్టి తరవాతి దెబ్బల్ని పెద్దగా పట్టించుకోలేదు.

అనకాపల్లిలో నూకరత్నం నన్ను కొంది. కూతురు హరిత విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్తోంది, ఆ పిల్ల కోసం. కొట్టువాడి ముందే నా మూత పెట్టి తీసి, పెట్టి తీసి చూసింది. "మా పిల్ల అన్నం తప్ప ఏటీ తినదు బాబూ. ఇది మాడ్చిందంటే తెచ్చి నీ నెత్తినే పెడతాను" అంది.

నేను మాడ్చలేదు. కానీ ఆ పిల్ల ధ్యాసంతా కొండల మీదే. మళ్లీ దిగిపోయేదానికి ఎక్కడం ఎందుకో, మనుషుల సంగతి నాకు తెలీదు. సెలవు దొరికితే సంచి వీపున తగిలించేది. సంచిలో నేనుండేవాణ్ణి.

ఆఖరుసారి హిమాలయాలకి పోయాం. ఊరు లేదు, ఫోను లేదు. మంచుకొండల మధ్య ఒక చెరువు పక్కన గుడారం వేశారు. అంత ఎత్తున నీళ్లు ఊరికే మరుగుతాయి, అన్నం మాత్రం ఉడకదు. ఆవిరిని లోపల బిగబట్టాలి. నన్ను మోసేది అందుకే. ఆ పొద్దున హరిత నన్ను దింపి, "కీర్తనా, మూత తియ్యకే. అలా చెరువు దాకా వెళ్లొచ్చి తింటాను" అంది స్నేహితురాలితో.

మంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనపడలేదు. హరిత రాలేదు. వెతికారు, వెతికారు, చున్నీ ముక్క కూడా దొరకలేదు. నాలో అన్నం గడ్డకట్టి రాయయింది. దాన్ని ఎవరూ తినలేదు. కీర్తనే నన్ను తెచ్చి నూకరత్నం చేతిలో పెట్టింది.

మూడేళ్లు అటక మీదున్నాను. ఈ వేసవిలో దింపారు. హరిత తండ్రి పైడిరాజు ఆ చెరువు దగ్గరికి వెళ్తానన్నాడు. బెల్లం మండీలో బస్తాలు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయిన మనిషి. నూకరత్నానికి ఉబ్బసం, తను వెళ్లే వీల్లేదు. కీర్తన తోడొస్తానంది. ఆదివారాలు కీర్తన వచ్చి నేల మీద సామాను పరిచి, ఏ రోజు ఎంత నడవాలో చెప్పేది.

"అంకుల్, సంచి పది కిలోలు దాటకూడదు."

"పది కిలోలేటమ్మా! బస్తా మోసీవోణ్ణి."

"అది మండీలో అంకుల్. అక్కడ ఊపిరికి గాలే చాలదు."

"నా కూతురికి చాలిందా మరి?" అన్నాడు పైడిరాజు. కీర్తన సంచి ముందుకి లాక్కుంది.

రగ్గు తీసేశారు. రెండో జత బట్టలు తీసేశారు. ఆవకాయ సీసా తియ్యబోతే నూకరత్నం "అది దానికమ్మా" అంది. కీర్తన సీసాని తిరిగి సంచిలో పెట్టేసింది.

"పోనీ కుక్కరు వద్దు. గైడు రొట్టెలు చేస్తాడు" అంది.

"కుక్కరుండాల" అన్నారు మొగుడూ పెళ్లాం ఒక్కసారే. మూడేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీదకి రావడం అదే మొదలు. కానీ ఆ ఒక్క మాట వెనక రెండున్నాయని నాకు తెలుసు. నూకరత్నం తమ్ముడు అప్పలస్వామి పైడిరాజుకి వీధిలో చెప్పాడు. "బావా, పిల్ల ఆ మంచులోనే తిరుగుతాది. అక్కడే అన్నం వండీసి పిండం పెట్టీ." పైడిరాజు బజారుకి పోయాడు. నల్ల నువ్వుల పొట్లం తెచ్చి నాలో దాచాడు.

ప్రయాణం ముందురోజు బియ్యం పొయ్యడానికి నూకరత్నం మూత తీసింది.

"ఏటి మావా ఇది?"

"నువ్వులు."

"కనపడతంది. ఎవరికి?"

అతను సంచి పట్టీ బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. "మూడేళ్లయింది నూకాలూ."

"అయితే? నీ తమ్ముడు దుబాయెల్లి ఏడేళ్లు కబురెట్టలేదు. పిండం పెట్టీసామేటి? అక్కడ గొర్రెలు కాసీవోళ్లు ఉంటారంట. ఏ గుడిసెలోనో ఉన్నాదేమో. దొరికితే వేడన్నం తినొద్దా?"

"నేను అలిసిపోయానే" అన్నాడు పైడిరాజు. సంచి అలాగే వదిలి వీధిలోకి పోయాడు.

ఆమె పొట్లాన్ని పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. దాని మీదే ముగ్గురికి సరిపడా బియ్యం పోసింది. మూత బిగించింది. తరవాత నా నెత్తిమీది విజిల్ పైకి లాగి, కొంగున ముడేసుకుంది.

చెరువు అలాగే ఉంది. నీళ్లలో ఆకాశం తప్ప ఏమీ లేదు. పైడిరాజు నువ్వుల పొట్లం తీసి పక్కన పెట్టి, పొయ్యి వెలిగించి నన్ను ఎక్కించాడు. ఆవిరి బుసబుసా పైకి పోతూనే ఉంది. ఎంతసేపు ఉంచినా అన్నం పలుకు పలుకే. ముద్ద చెయ్యబోయాడు. వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ రాలింది.

"అంకుల్, విజిల్ ఏదీ?" అంది కీర్తన సంచి వెతుకుతూ.

అతను నా మూతకేసి చూశాడు. "ఇంటికాడున్నాదిలే" అన్నాడు. నువ్వుల పొట్లం మళ్లీ కట్టేశాడు.

ఇంటికొచ్చాక అతను పొట్లాన్ని తీసి గూట్లో పెట్టాడు. నూకరత్నం నన్ను తోమి, కొంగు ముడి విప్పి, విజిల్ నా నెత్తిన పెట్టింది.

ఇప్పుడు రోజూ నాలోనే వంట. నువ్వుల పొట్లం నా పక్కనే, గూట్లో ఉంది. పురుగు పట్టింది. పారెయ్యడానికి ఇద్దరికీ చెయ్యి రాదు. నూకరత్నం ముగ్గురికీ వండుతుంది. మిగిలింది వీధికుక్కకి పెడుతుంది. గోడ మీద కాకి వాలిందంటే మాత్రం, మెతుకు అందేలోపే చీపురు విసురుతుంది. పైడిరాజు అరుగు మీంచి చూస్తూ ఉంటాడు. కాకి పోయాక లేచి వెళ్లి, ఆ చీపురు తెచ్చి ఆమె చేతికిస్తాడు.