మగ వార్డు

పుష్పలత మామగారిని మెల్లగా పక్కకు తిప్పి వీపు తుడుస్తోంది. జ్ఞానానందానికి పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. రోజూ తెల్లవారగానే ఆయన ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, క్యారియరు సర్దుకుని, రేపల్లె స్టేషన్లో తెనాలి పాసింజరు అందుకోవాలి. తెనాలి నర్సింగు స్కూల్లో ఆమెది ఆఖరి ఏడు.

భర్త రమేష్ బాబు గుమ్మం అవతలే నిలబడ్డాడు. కన్నతండ్రి గదిలో వాసన అతనికి పడదు మరి.

"మీ సుందరమ్మ మేడంతో మాట్లాడాను. మగ వార్డు డ్యూటీ నీకు లేకుండా చూస్తానన్నారు," అన్నాడు, పెద్ద మేలు చేసినవాడిలా.

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? పరాయి మగాళ్ళ ఒళ్ళు తుడుస్తోందంటే బాపట్లలో మా అక్కావాళ్ళకి ముఖం ఎలా చూపించను?"

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినా ఆమె బయటికి చూడలేదు. చదువులో చేర్పించింది అతనే. 'ఉద్యోగం వస్తుంది, ఈలోపు నాన్నకీ పనికొస్తుంది' అన్నాడు. బాగానే పనికొచ్చింది. తడిసిన పక్కలు, సిగ్గుతో మామగారు మూసుకునే కళ్ళు, తను తల తిప్పుకుని చేసే పని, ఇవేవీ బాపట్ల దాకా వెళ్ళవు. ఇప్పుడేమో ఆపరేషనైన మగవాళ్ళకు కట్టు మార్చడం, లేపి నడిపించడం నేర్చుకోవలసిన నాలుగు వారాలు గాలికి పోతున్నాయి. పరీక్ష ఎలాగో గట్టెక్కుతుంది. రేపు ఉద్యోగంలో రోగి ముందు కట్టు మార్చడం రాకపోతే ఏం చెయ్యాలి? ఆమెకు భయమేసింది. ఆ వెనకే ఒళ్ళు మండింది.

"రికార్డులో సంతకాలు నేను పెట్టేస్తాలేమ్మా," అంది ట్యూటరు సుందరమ్మ. "నువ్వు స్టోరులో కూర్చుని దూది ఉండలు చుట్టుకో. మీ ఆయన పాపం చాలా బాధపడుతున్నాడు."

చెయ్యని పనికి సంతకం ఆ స్కూల్లో కొత్తేం కాదు. మిగతా అమ్మాయిలైతే ఎగిరి గంతేసేవాళ్ళు.

"వద్దు మేడం. నేను చేస్తాను, చూశాకే పెట్టండి."

సుందరమ్మ కళ్ళజోడు పైనుంచి ఆమెను చూసి, విసుక్కుంటూనే మగ వార్డుకు తీసుకెళ్ళి ఒక మంచం చుట్టూ తెర లాగింది. మంచం మీద వెంకట్రామయ్య, నందివెలుగు ఊరి రైతు, నిన్ననే ఆపరేషనైంది. ముట్టుకునే ముందు రోగిని అడగాలని మొదటి ఏడే నేర్పారు.

"ఒళ్ళు తుడవమంటారా బాబాయ్?"

"కానీ తల్లీ," అన్నాడాయన.

పుష్పలతకు అప్పుడే తట్టింది. మూడేళ్ళలో మామగారిని తను ఒక్కసారీ ఇలా అడగలేదు. తననూ ఎవరూ అడగలేదు. తువ్వాలు తడిపి పిండి, భుజం దగ్గర మొదలుపెట్టింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికే రమేష్ బాబుకు సుందరమ్మ ఫోనులో సంగతంతా చెప్పేసింది.

"నా మాటంటే లెక్కలేదన్నమాట. రేపట్నుంచి చదువూ వద్దు, ఏమీ వద్దు," అన్నాడు. అంతలోనే ముక్కు మూసుకుని, "ముందు నాన్న దగ్గరికెళ్ళు, మధ్యాహ్నం నుంచీ పక్క తడిసే ఉంది," అన్నాడు.

ఆమె బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, తువ్వాలు తెచ్చి, రెండూ అతని చేతుల్లో పెట్టింది.

"మీరెళ్ళండి. ఎలా చెయ్యాలో గుమ్మం దగ్గర నిలబడి చెప్తాను. మీకు నాన్న, నాకు పరాయి మగాడేనండి."