గంట వీరాస్వామి ఒప్పుకోలు

తెల్లవారుజామున తాడును రెండు చేతులతో కిందికి లాగి, గంట మోగగానే మోకాళ్లు వంచి దాని ఊపును ఆపాడు వీరాస్వామి. మొదటి దెబ్బ మోత పూర్తిగా అణిగాకే రెండోది పడాలి. కాకినాడ రేవులో విప్పేసిన ఓడ నుంచి మిషనువాళ్లు తెచ్చిన గంట అది. పదకొండేళ్లుగా అలాగే కొడుతున్నాడు. తొమ్మిదో దెబ్బకు దగ్గు తెర వచ్చింది. భుజంమీది గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, తీసి చూస్తే నెత్తురు. మడిచి మొలలో దోపుకుని మిగిలిన మూడూ కొట్టాడు.

చెప్పుకోదగ్గ మనిషేమీ కాదు. ఎండిన తాటిమట్టలాంటి ఒళ్లు, అరచేతుల నిండా కాయలు. కానీ కాలవ అవతల కరణంగారి పాలేళ్లు, పొద్దెక్కాక అతను కొట్టే ఆరాధన గంట వినే అరకలు ఆపి చద్దన్నానికి కూర్చునేవారు. మాలపేటలో తన చెయ్యి కదిలితే కరణంగారి ఎడ్లు ఆగుతాయి. అది తలుచుకుంటే లోపల బెల్లంముక్క కరిగినట్టుండేది.

ఆ బెల్లమే అతని కొంప ముంచింది. రాజమండ్రి మిషను దొర ఆరునెలలకోసారి పడవలో వచ్చి బాప్తిస్మం ఇచ్చేవాడు. ఆ ముందు, పేటలో వాక్యం చెప్పే ఉపదేశి జీవరాజు ఒక్కొక్కరినీ అడిగేవాడు: "నీలో గర్వం చచ్చిందా?" పేటంతా జవాబు కంఠతా పట్టింది. "చచ్చిందండి" అనడం, నీళ్లు చల్లించుకోవడం, ఇంటికి పోవడం. దేవుడి ముందు అబద్ధమాడితే నాలుక పడిపోతుందని నమ్మినవాడు వీరాస్వామి ఒక్కడే. "ఇంకా చావలేదండి" అనేవాడు. ప్రతిసారీ వెనక్కి పంపేవారు. ఆ ప్రశ్న జీవరాజును అడిగేవాళ్లు మాత్రం పేటలో లేరు.

ఇన్నాళ్లూ పోనీలే అనుకున్నాడు. ఇప్పుడీ దగ్గు. ఇవాళ తప్పితే, దొర మళ్లీ వచ్చేనాటికి తను ఉండడు. బాప్తిస్మం లేనివాణ్ని మిషను సమాధుల దొడ్లో పాతిపెట్టనివ్వరు. అయిదేళ్లకే పోయిన కూతురు ఏసమ్మ అక్కడే ఉంది. తల్లితోపాటు బాప్తిస్మం పొందిన పిల్ల. దాని పక్కన మనిషి పట్టే చోటు ఒకటి, కలుపు తీసి ఉంచుకున్నాడు.

ఆ ఉదయం దొర పడవ దిగకముందే ఉపదేశి పిలిచాడు.

"నీ గర్వమంతా ఆ తాట్లో ఉందయ్యా. వదిలేయ్. నేను బలవంతం చెయ్యట్లేదు, నీ ఇష్టపూర్తిగానే వదలాలి. వదిలితే ఇవాళే బాప్తిస్మం."

తాడు పేటలోని కుర్రాడు చినబాబు చేతికిచ్చాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చినబాబు ఆరాధన గంట దెబ్బమీద దెబ్బ కొట్టాడు, పళ్లెం దొర్లినట్టు. కాలవ అవతల ఒక్క అరకా ఆగలేదు.

దొర ఎదుట వరసలో నిలబడ్డప్పుడు భార్య దీనమ్మ వెనకనుంచి గుసగుసలాడింది. "ఒక్క మాటే మావా, అనేయ్."

"గర్వం చచ్చిందా?" అన్నాడు ఉపదేశి.

"తాడొదిలేశానండి. కానండి, ఆడు తప్పు కొడితే నాకు సంతోషమేసింది. చావలేదండి."

"నిజం చెప్తున్నానన్న గర్వం కూడానా నీకు?"

"అదీ ఉందండి."

జనం నవ్వారు. ఏమంటున్నాడని దొర అడిగాడు. "ఇంకా సిద్ధపడలేదండి" అన్నాడు ఉపదేశి. దొర గడియారం చూసుకుని పక్కవాడి తలమీద నీళ్లు చల్లాడు.

సాయంత్రం ఇంటి అరుగుమీద నెత్తురు కక్కుకున్నాడు. దీనమ్మ ఉపదేశి ఇంటికి పరుగెత్తింది. ప్రాణంమీదికొస్తే ఉపదేశి కూడా బాప్తిస్మం ఇవ్వవచ్చు. జీవరాజు చెంబుతో వచ్చి, నీళ్లు చేతిలో పోసుకుని మళ్లీ అదే అడిగాడు. చావలేదని వీరాస్వామి తల అడ్డంగా ఊపాడు.

"కూతురి పక్కన ఉండాలని లేదా నీకు?" అన్నాడు జీవరాజు.

వీరాస్వామికి కళ్లవెంట నీళ్లు కారాయి. లోకంలో అతనికి కావలసింది అదొక్కటే.

"ఉందండి. కానీ నేనింతేనండి. దేవుడు ఇలాగే తీసుకుంటాడో లేదో, పోయి ఆయన్నే అడుగుతానండి."

ఉపదేశి నీళ్లు అరుగు పక్కన పారబోసి, చెంబు బోర్లించి దులుపుకుని వెళ్లిపోయాడు. ఎండ పూర్తిగా దిగకముందే వీరాస్వామి ఊపిరి ఆగింది.

కాలవగట్టున పాతిపెట్టారు. వానలకు గట్టు కోసుకుపోతుందని అందరికీ తెలుసు. బాప్తిస్మానికని తన మగ్గంమీద నేసిన పంచె దీనమ్మ శవానికి కప్పబోతే, అది రక్షణ పొందినవాళ్ల గుడ్డ, ఇలాంటివాడికి కప్పకూడదని జీవరాజు ఆపాడు. ఇంట్లో దండెంమీద తెల్లపంచె, గంజి మడత విప్పకుండా, అలాగే ఉంది.