నాలుగు గంటల నంబరు

సోమవారం పొద్దున ఉప్మాకి రవ్వ వేయిస్తూ సుందరి ఫోన్ వైపు చూసింది. దాని మీద రెండే మాటలు ఉన్నాయి: సిమ్ లేదు.

"లేకపోవడమేమిటి, లోపలే ఏడిచిందిగా" అని పైకే అనేసింది. వంటింట్లో వినేవాళ్ళెవరూ లేరు. ఫోన్ ఆపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆపింది. మూడోసారికి రవ్వ మాడింది.

ఆవిడ పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. రామచంద్రపురం నుంచి వచ్చి, కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గరి సందులో ఉన్న ఆడపిల్లల హాస్టల్లో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. ఎనభై మంది పిల్లలు. మెడలో కంపెనీ కార్డు తాడు వేసుకుని ఉరుకులు పరుగుల మీద టిఫిన్ తిని పోతారు. ఏడాదికో రెండేళ్ళకో పెట్టెలు లాక్కుంటూ వచ్చి, "ఫోన్ చేస్తానాంటీ" అని వెళ్ళిపోతారు. వెళ్ళిన ప్రతి పిల్ల పేరూ సుందరి సిమ్‌లో ఉంది. ఎవరికీ తనంతట తాను చేసేది కాదు. ఏ మీటింగులో ఉన్నారో, ఏ అత్తగారి ముందు ఉన్నారో అని భయం.

ఆవిడ భయం లేకుండా ఫోన్ చేసేది ఒక్క చంద్రమ్మకే.

చంద్రమ్మ తొమ్మిదేళ్ళు ఈ వంటింట్లోనే కూరగాయలు తరిగింది, అంట్లు తోమింది, సుందరి వేసిన ప్రతి తిరగమోతకూ వంక పెట్టింది. నాలుగింటికి ఇద్దరూ బియ్యం బస్తాల మీద కూర్చుని టీ తాగేవారు. "బతుకమ్మకు పోయి పది రోజులల్ల వస్తనక్కా" అని దసరాకి ముందు వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. కూతురి కాన్పు అంది, తరవాత చేలో పనులంది. అప్పటి నుంచి రోజూ నాలుగింటికి టీ గ్లాసు పక్కన పెట్టుకుని సుందరే ఫోన్ చేస్తోంది. చంద్రమ్మకి చదువు రాదు. ఆ చిన్న బటన్ల ఫోన్ ఎత్తడమే తప్ప చెయ్యడం తెలియదు.

ఇవాళ నాలుగింటికి ఎలా?

మూడో అంతస్తులో ఉండే నవ్య అప్పుడే రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చింది. ధర్మవరం పిల్ల. కంప్యూటర్లు మొరాయిస్తే అమెరికా వాళ్ళకి ఫోన్లో దారి చెప్పి బాగుచేయించడం ఆ అమ్మాయి ఉద్యోగం. సుందరి తన ఫోన్ పట్టుకుని వెళ్ళి ఆ పిల్లని మెట్ల దగ్గరే ఆపేసింది.

"కింద ఏమన్నా పడేసినారా ఆంటీ?"

"లేదమ్మా. నీళ్ళు కూడా తగల్లేదు."

"ఆఫ్ చేసి ఆన్ చేసినారా?"

"మూడు సార్లు."

"మా అమెరికా వాళ్ళకంటే మీరే నయం. వాళ్ళు ఒక్కసారన్నా చెయ్యకుండానే చేసినామంటారు."

నవ్య చెవి దిద్దు తీసి, దాని కాడతో ఫోన్ పక్కనున్న సన్నటి చిల్లులో నొక్కింది. సిమ్ ఉన్న చిన్న పళ్ళెం బయటికొచ్చింది. సిమ్‌ని చున్నీతో తుడిచింది. రాగిరంగు వైపు రబ్బరుతో మెల్లగా రుద్దింది. రెండో అరలోకి మార్చి చూసింది. ప్రతిసారీ ఫోన్ కాసేపు ఆలోచించినట్టే ఉండి, మళ్ళీ ఆ మాటే చెప్పింది.

"అంతా తుడిచేసి మొదట్నుంచి పెడదామా? ఫోన్లో ఫోటోలు గీటోలు ముఖ్యమైనవి ఏమన్నా ఉన్నాయా?"

"ఫోన్లో ఏముందమ్మా, నా పేర్లన్నీ సిమ్‌లోనే. తుడిచెయ్యి."

ఫోన్లు మారతాయి గానీ సిమ్ మారదని ఏనాడో ఒక పిల్ల చెబితే, అప్పటి నుంచి ప్రతి నంబరూ సిమ్‌లోనే దాస్తూ వచ్చింది సుందరి. ఎంత తెలివైన పని చేశానో అని ఆ క్షణంలో కూడా అనుకుంది.

ఫోన్ అంతా తుడిచిపెట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా స్వాగతం చెప్పింది. ఆ తరవాత సిమ్ లేదంది. నవ్య మొహం చిన్నబోయింది. సిమ్ తీసి తన ఫోన్లో పెట్టి చూసింది. అక్కడా లేదు.

"ఆంటీ, ముందు ఇది చూడాల్సింది నేను."

"ఏమైంది?"

"ఫోన్ బాగానే ఉంది. చచ్చిపోయింది సిమ్ము. మీరు ఎవరెవరికి చేసినారో ఆ లిస్టు ఒక్కటే ఫోన్లో ఉండె. దాన్ని నా చేత్తోనే తుడిచేసినా."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి సుందరి కంగారు పడింది. "పోనీలేమ్మా, ముందు ఉప్మా తిను. మాడిందిలే గానీ తిను" అంది.

మెయిన్ రోడ్డు మీది సిమ్ షాపులో సుందరి బొటనవేలు మిషన్‌కి ఆనలేదు. పదకొండేళ్ళ గరిటె గీతల్ని అరగదీసింది. నాలుగోసారికి చూపుడువేలు పడింది. "నంబర్ అదే వస్తదమ్మా, రేపటికి చాలూ అయితది" అన్నాడు కౌంటర్ మనిషి.

"పేర్లు నాయనా?"

"పేర్లు రావమ్మా. అవి గా పాత సిమ్‌తోనే పోయినయ్."

సోమవారం నాలుగు గంటలు దాటిపోయాయి. మంగళవారం సిమ్ పనిచేసింది, మళ్ళీ నాలుగైంది, ఖాళీ ఫోన్ చేతిలో పట్టుకుని సుందరి బస్తా మీద కూర్చుంది. చంద్రమ్మ నంబరులో ఒక్క అంకె కూడా గుర్తు లేదు. ఎప్పుడూ పేరు మీదే నొక్కింది మరి. ఊరికి వెళదామంటే నారాయణఖేడ్ అవతల అని తప్ప ఏ ఊరో తెలియదు. తొమ్మిదేళ్ళూ చంద్రమ్మ "మా ఊర్ల" అంటూనే కబుర్లు చెప్పింది. ఏ ఊరని అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అక్కడ ఆ పిచ్చిది ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అక్కకి ఏమైందో ఏమో అని ఏడుస్తూ ఉంటుందని తలచుకుని, టీ సింకులో పారబోసింది.

బుధవారం పొద్దున నవ్య ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో నాలుగు కాగితాలు. సుందరి నంబరు నుంచి రెండు నెలల్లో వెళ్ళిన ఫోన్ల లెక్కంతా సిమ్ కంపెనీ నుంచి తెప్పించి అచ్చు వేసుకొచ్చింది.

"చూడండాంటీ, రోజూ నాలుగింటికి ఒకటే నంబరు! ఇదే కదా చంద్రమ్మ?"

"అదే తల్లీ. నూరేళ్ళు బతుకు."

నవ్య మనసు తేలికపడి నిద్రపోవడానికి వెళ్ళింది. సుందరి కళ్ళజోడు పెట్టుకుని ఆ నంబరు పక్కన వేలు ఆనించి కిందికి చదువుకుంటూ వచ్చింది. తేదీ, టైము, ఎంతసేపు మాట్లాడిందీ. మొదటి వారం ఇరవై ఆరు నిమిషాలు, ఇరవై రెండు, ఇరవై ఐదు. దీపావళి దగ్గర పద్నాలుగు. తరవాత తొమ్మిది, ఏడు. పోయిన వారమంతా రెండు నిమిషాల్లోపే. ఆదివారం నలభై సెకండ్లు.

రోజూ మాట్లాడుతున్నాననుకుంది గానీ, ఇంతగా తగ్గిందని తెలియలేదు. మనిషి గుమ్మం దాటి వెళ్ళిపోతే చూడగలం. ఇలా కొంచెం కొంచెంగా వెళుతుంటే ఎవరు చూస్తారు?

నాలుగైంది. చెయ్యనా వద్దా అని ఐదు నిమిషాలు కూర్చుంది. చివరికి ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కింది.

"ఎవలూ?"

"నేనే చంద్రమ్మా."

"సుందరక్కా! మంచిగున్నవా? చేన్ల ఉన్న, పత్తి ఏరుతున్నం. చీకటి పడేలోపల గీ సాలు ఒడగొట్టాలె."

రెండు రోజులు చెయ్యలేదేమని అడుగుతుందేమోనని సుందరి ఆగింది. అడగలేదు. దిద్దు కాడ సంగతి, వేలిముద్ర సంగతి చెప్పాలని రెండు రోజులుగా నోట్లో ఊరుతున్నాయి.

"చాలా చెప్పాలే నీకు" అంది.

"చెప్తువు తియ్, రేపు చెయ్. జర పని మీదున్న. ఉంటనక్కా."

మాట ఆగింది, ఫోన్ ఆగలేదు. ఆపడం మరిచి ఒడిలో పత్తి మీదే పడేసుకున్నట్టుంది. దూరంగా, మెత్తగా గొంతులు వినిపించాయి. ఎవరో "ఎవలే ఫోన్ల?" అని అడిగారు.

"మా అక్క. కొత్తగూడల ఉంటది."

"రమ్మంటున్నదా మల్లా పనికి?"

"అనది పాపం. ఒక్కతే ఉంటది గదా, ముచ్చట వెట్టనీకి చేస్తది."

తరవాత ఎవరి కోడలి సంగతో మొదలైంది. చంద్రమ్మ ఏదో అంది, అందరూ గొల్లుమన్నారు. ఈ వంటింట్లో నవ్వినట్టే నవ్వింది, చివర దగ్గుతో సహా. సుందరి బియ్యం బస్తా మీద కదలకుండా కూర్చుని, తనకి తెలియని ఆ కోడలి కథ చివరిదాకా విన్నది.