పేరూ తారీఖూ

ఐదో సీసాకి నీలం టేపు అంటించి, దానిమీద పిల్లవాడి పేరు రాసి, కింద తారీఖు వేసి, జయంతి ఆరో సీసా అందుకుంది. పొద్దున ఏడున్నర. డేకేర్‌లో, నడక నేర్చే పిల్లలుండే టాడ్లర్ గదిలో దీపాలు సగమే వెలుగుతున్నాయి. తల్లులు ఒక చేత్తో పిల్లల్నీ రెండో చేత్తో పాలసీసాల్నీ అందించి, ముద్దు పెట్టినట్టూ పెట్టనట్టూ పెట్టి, కార్లకేసి పరుగులాంటి నడకతో పోతున్నారు. ఏడ్చేవాళ్లని చంకనెత్తుకుని, ఏడవనివాళ్లని కాళ్ల దగ్గర నిలబెట్టుకుని, జయంతి మాత్రం టేపు చింపడం ఆపలేదు. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని. కత్తెర లేకుండా పంటితో కూడా తిన్నగా చింపగలదు.

డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉన్న ఆ డేకేర్‌లో సీసాల విషయంలో ఒకటే రూలు. పేరూ తారీఖూ ఉంటే ఫ్రిజ్‌లో ఉంటుంది. రెండింట్లో ఏది లేకపోయినా సాయంత్రం సింకులో ఒంపేయాలి. ఆ రూలు జయంతికి ఎంత నచ్చిందంటే ఇంటికి కూడా తెచ్చుకుంది. ఆమె ఫ్రిజ్‌లో సాంబారుకీ, దోసెల పిండికీ, నిన్నటి బీరకాయ కూరకీ నీలం టేపులుంటాయి. "నాకూ ఒకటి అంటించు, ఎక్స్‌పైరీ ఎప్పుడో తెలుస్తుంది," అంటాడు ఆమె భర్త రామమోహన్. కూతురు స్పందన చిన్నప్పుడు పేరూ తారీఖూ లేకుండా ఫ్రిజ్‌లో చాక్లెట్ పెడితే, అది రాత్రికి అమ్మ నోట్లోకి పోయేది. రూలు రూలే.

నిజానికి ఈ రోజు ఆమె సెలవులో ఉండాలి. సాయంత్రం నాలుగున్నరకి స్పందన ఇల్లు విడిచి వెళ్లిపోతోంది. కానీ ఇద్దరు టీచర్లు రాలేదు. నలుగురు పిల్లలకి ఒక మనిషి ఉండి తీరాలి. జయంతి సెలవు అడిగింది గాని, వినపడీ వినపడనట్టు ఒక్కసారే అడిగింది. ఇంట్లో పిల్ల ఎదురుగా కూర్చుంటే నోరు ఊరుకోదని ఆమె భయం.

పదింటికి తోటి టీచర్ మిస్ పామ్ పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిచి, ఒక సీసా పట్టుకుని, కళ్లద్దాలు పైకి జరుపుకుంది. "జే, అక్టోబర్ థర్డ్‌న ఏముంది?" అని అడిగింది.

జయంతి వచ్చి చూసింది. ఎనిమిది సీసాలు. ఎనిమిదింటి మీదా పేర్లు సరిగ్గానే ఉన్నాయి. తారీఖు మాత్రం ఆగస్టు ఇరవై రెండుకి బదులు అక్టోబర్ మూడు. మార్కర్‌తో, లావుగా, వంకర లేకుండా, తన చేత్తోనే. సారీ చెప్పి, టేపులన్నీ పీకి మళ్లీ రాసింది. పద్దెనిమిదేళ్లుగా మూసుకున్న నోరు ఈ రోజు చేతివేళ్ల లోంచి బయటపడుతోందని ఆమెకి అర్థమైంది.

స్పందన పుట్టింది అక్టోబర్ మూడున, నరసరావుపేటలో. కాగితాల్లో మాత్రం జూన్ పన్నెండు.

ఇందులో వింతేమీ లేదు. బడి రిజిస్టర్లు చూస్తే మన ఊళ్లలో పిల్లలందరూ జూన్‌లోనే పుడతారు. రామమోహన్ అప్పటికే అమెరికాలో ఉన్నాడు. పుట్టినప్పుడు మునిసిపాలిటీలో రాయించాలని ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లని బడిలో వేద్దామని వెళ్తే, "జూన్‌కి మూడు నిండాలమ్మా, అక్టోబరంటే ఏడాది ఆగాల్సిందే," అన్నాడు గుమాస్తా. ఏడాది! ఎదురింటి పిల్ల అప్పుడే ఏబీసీడీలు పాడుతోంది. ఏడాది వేస్టయిపోతుందనే దిగులు జయంతికి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. మూడోరోజు పొద్దున్నే మునిసిపల్ ఆఫీసులో తెలిసిన హనుమయ్యగారి దగ్గరికి వెళ్లింది. "ఏ తారీఖు వెయ్యమంటావమ్మా?" అని ఆయన కలం పట్టుకుని అడిగాడు. "జూన్ పన్నెండు వెయ్యండి బాబాయిగారూ," అంది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ తారీఖు తనే ఎంచింది. బుధవారమో గురువారమో, మంచిరోజని కూడా చూసుకుంది.

ఇంట్లో మాత్రం అక్టోబర్ మూడున సేమ్యా పాయసం మానలేదు. వెండిగిన్నెలో పోసి, పిల్లచేత తినిపించేది. ఇదేంటని స్పందన అడిగితే, "ఇది తిథి ప్రకారం పుట్టినరోజు, మన క్యాలెండర్ వేరు," అనేది. తిథి మహా అయితే రెండు మూడు వారాలు తేడా వస్తుంది, నాలుగు నెలలు రాదు. అమెరికాలో పెరిగిన పిల్లకి ఆ సంగతి ఎవరు చెబుతారు? పైగా తనకి రెండు పుట్టినరోజులని బళ్లో గొప్పలు పోయేది.

అంతా బాగానే గడిచింది, ఈ వేసవి దాకా. ఇరవై ఒకటి నిండేవరకే పిల్లలకి తల్లిదండ్రుల వీసా నీడ. గ్రీన్‌కార్డు వరసలో ముగ్గురూ పదమూడేళ్లు నిలబడ్డారు. జూన్ పన్నెండున కాగితం మీద స్పందనకి ఇరవై ఒకటి నిండి, ఆ వరసలోంచి జారిపోయింది. ఆగస్టు ఆఖరు దాకా ఇక్కడ ఉండనిచ్చేలా లాయర్ ఏదో కాగితం పెట్టాడు. జులైలో, ఎవరి వంతు ఎప్పుడో చెప్పే కొత్త వీసా బులెటిన్ వచ్చింది. ఎన్నేళ్లుగానో కదలని తారీఖు కదిలింది. ఆగస్టు ఒకటి నుంచి వాళ్ల వంతు. ముగ్గురిలో ఇద్దరికి.

యాభై రోజులు. జయంతి ఆ లెక్క గ్రోసరీ రసీదు వెనక వేసి చూసింది, ఫోన్‌లో వేసి చూసింది, వేళ్లమీద వేసి చూసింది. అసలు తారీఖే ఉండి ఉంటే ఆ రోజుకి పిల్లకి ఇంకా ఇరవయ్యే. వాట్సాప్ గ్రూపులో అభినందనలు కురుస్తుంటే ఆమె బాత్‌రూమ్‌లో నీళ్లు తిప్పి కూర్చుని ఏడ్చింది. "మా ఫ్రెండ్ ఒకావిడకి ఇలా జరిగింది," అంటూ లాయర్‌ని కూడా అడిగింది. ఇన్నేళ్లు ఒక తారీఖు చెప్పి ఇప్పుడు మారిస్తే మొత్తం కాగితాలన్నిటికీ ముప్పే, మీ ఫ్రెండ్‌ని ఊరుకోమనండి అన్నాడాయన. ఆ ఫ్రెండ్ ఊరుకుంది.

పన్నెండున్నరకి పిల్లల్ని పడుకోబెట్టారు. ఓవెన్ అనే బుడతడు వీపు తడితేగాని పడుకోడు. ఒక చేత్తో వాడి వీపు తడుతూ, రెండో చేత్తో ఇంటికి మెసేజ్ పెట్టింది. తిన్నావా? పాస్‌పోర్ట్ బ్యాగ్‌లో పెట్టావా? అడ్మిషన్ లెటర్ కాపీలు తీశావా? మూడింటికీ కలిపి స్పందన ఒక బొటనవేలి బొమ్మ పంపింది. చెప్పాలి. చెప్తే పిల్ల మొహం ఎలా మారుతుందో ఊహించుకుని, ఫోన్ బోర్లా పెట్టేసింది. చెప్పకపోతే, అది అదృష్టాన్ని తిట్టుకుంటూ నది దాటి కెనడాలో చదువుకి వెళ్లిపోతుంది. తప్పు అదృష్టానిది కాదు కదా.

మూడుంపావుకి ఇల్లు చేరేసరికి రామమోహన్ హాల్లో సూట్‌కేసుల్ని చేతి త్రాసుకి తగిలించి తూకం వేస్తున్నాడు.

"కార్లో వెళ్లేదానికి తూకం ఎందుకండీ?" అంది జయంతి.

"అలవాటు," అన్నాడతను. "ట్వంటీ త్రీ కేజీలు దాటలేదులే."

ఆమె గొంతు తగ్గించింది. "నేను చెప్పేస్తాను."

రామమోహన్ త్రాసు కింద పెట్టాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? వెళ్లేముందు దాని మనసు పాడుచేయడం తప్ప." అతను కోపంగా అనలేదు. అతనికీ భయమే.

వీళ్లు వెంట వెళ్లడానికి లేదు. కార్డులు చేతికొచ్చేదాకా దేశం దాటొద్దని లాయర్ గట్టిగా చెప్పాడు. పోనీ డెట్రాయిట్‌లో బ్రిడ్జి దాకా దిగబెడదామన్నా రామమోహన్‌కి గుండెదడ. ఆ చివరి ఎగ్జిట్ తప్పితే వెనక్కి తిరగడానికి ఉండదు, కారు తిన్నగా కెనడాలో తేలుతుంది. అందుకని స్పందనని నది అవతల విండ్సర్‌లో, యూనివర్సిటీ దగ్గర దింపేది దాని స్నేహితురాలు అనిక. ఇక్కడే పుట్టిన పిల్ల. దింపేసి, తిరిగొచ్చి, రాత్రి భోజనం తన ఇంట్లో చేస్తుంది.

స్పందన వంటింట్లో పొడుల డబ్బాలు అట్టపెట్టెలో సర్దుతోంది. జుట్టు పైకి ముడేసుకుంది. మెడమీద చిన్నప్పటి పుట్టుమచ్చ కనిపిస్తోంది. ఇక్కడే స్టూడెంట్ వీసా తీసుకోవచ్చు కదా అని నెలంతా బతిమాలారు. "మళ్లీ ఫస్ట్ నుంచి లైన్‌లో నిలబడాలా? నాకు ఓపిక అయిపోయింది," అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

జయంతి తువ్వాలులో చుట్టిన వెండిగిన్నె తెచ్చి పెట్టెలో పెట్టింది.

"ఇది ఎందుకు అమ్మా? అక్కడ పాయసం ఎవరు చేస్తారు?"

"నువ్వే చేసుకో. అక్టోబర్ మూడున."

"ఓకే, ఓకే. తిథి బర్త్‌డే."

"తిథి కాదు," అంది జయంతి. స్టవ్ కట్టేసి ఉందో లేదో ఒకసారి చూసుకుంది. కట్టేసే ఉంది. "అదే అసలుది. నువ్వు పుట్టింది ఆ రోజే. జూన్ పన్నెండు నేను రాయించింది."

స్పందన చేతిలో కరివేపాకు పొడి డబ్బా అలాగే ఉండిపోయింది. జయంతి చెప్పుకుపోయింది. బడి, గుమాస్తా, హనుమయ్యగారి కలం, అన్నీ. తనని కాపాడే మాట ఒక్కటి కూడా కలపకుండా చెప్పాలనుకుంది, అలాగే చెప్పింది.

"సో, ఆగస్ట్ ఫస్ట్‌కి నాకు ట్వంటీ."

"అవును."

"డాడీకి తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు చేశావ్?"

"ఏడాది వేస్టయిపోతుందని."

స్పందన ఆమెని చూసింది. నవ్వుతుందేమో అనిపించేలా పెదవులు కదిలాయి గాని నవ్వలేదు. "వన్ ఇయర్," అంది, తనలో తను. డబ్బాని జాగ్రత్తగా పెట్టెలో నిలబెట్టి, "ఇవాళ చెప్పాలా అమ్మా నువ్వు?" అని మేడమీదికి వెళ్లిపోయింది. అరుస్తుందనుకుంది జయంతి. ఏడుస్తుందనుకుంది. పోనీలే అంటుందేమోనని కూడా, సిగ్గు లేకుండా, ఆశపడింది. తలుపు కూడా మెల్లగానే పడింది.

అనిక నాలుగింటికే వచ్చి, "హాయ్ ఆంటీ," అని సామాను మోయడం మొదలుపెట్టింది. స్పందన మొహం కడుక్కుని కిందికి దిగింది. తండ్రిని వాటేసుకుంది. అందరూ బయటికి నడిచాక, పొడుల పెట్టె మరిచిపోయానని మళ్లీ వంటింట్లోకి వెళ్లి, రెండు నిమిషాలకి దాంతో తిరిగొచ్చింది. జయంతి కళ్లకేసి మాత్రం చూడలేదు. చెంప ఆనించీ ఆనించకుండా ఒక కౌగిలి, అంతే.

ఎవరు ప్రయాణమైనా జయంతి ఎదురు వస్తుంది. స్పందన పరీక్షకి వెళ్లినా, డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్లినా, మెయిల్‌బాక్స్ దాకా నడిచి, వెనక్కి తిరిగి, బయలుదేరే కారుకి ఎదురుగా రావడం ఆమె పద్ధతి. పక్కింటివాళ్లకి ఈ కవాతు ఎందుకో ఈనాటికీ తెలీదు. ఎప్పుడూ స్పందన, "అమ్మా, లేట్ అవుతోంది," అని నవ్వుతూ ఆమె తిరిగేలోపే దూసుకుపోయేది. ఈ రోజు అసలు వెళ్లనా వద్దా అని జయంతికి సందేహం వచ్చింది. వెళ్లింది. మెయిల్‌బాక్స్ ముట్టుకుని వెనక్కి తిరిగింది.

కారు కదల్లేదు. లోపల అనిక స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఉంది. స్పందన ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, ఎదురుగా చూస్తోంది. జయంతి ఆ పదిహేను అడుగులూ నడిచి వచ్చేదాకా ఆపే ఉంచింది. అప్పుడు అద్దం దిగింది.

"రీచ్ అయ్యాక మెసేజ్ పెడతా," అంది స్పందన.

"మళ్లీ ఎప్పుడొస్తావమ్మా?"

"వీసా ఇస్తే." అద్దం పైకి వెళ్లింది. కారు వీధి మలుపు దగ్గర ఎర్రగా ఒకసారి మెరిసి, కుడికి తిరిగింది.

ఇంట్లో ఇద్దరూ కాసేపు టీవీ పెట్టుకుని దాన్ని చూడకుండా కూర్చున్నారు. రామమోహన్ ఫోన్‌లో బ్రిడ్జి మీద ట్రాఫిక్ చూస్తూ, పన్నెండు నిమిషాలు, తొమ్మిది నిమిషాలు అని చెబుతున్నాడు. ఆరున్నరకి మెసేజ్ వచ్చింది. "దాటేశారు," అన్నాడు, ఫోన్ ఆమెకి చూపిస్తూ. నది అవతల తీసిన ఫొటో. నీళ్లకి ఆ పక్కన డెట్రాయిట్ మేడలు. ఇన్నాళ్లూ తామున్న వైపు అక్కణ్నుంచి అలా కనిపిస్తుందని జయంతికి తెలీదు.

"అన్నం తిందాం," అన్నాడు రామమోహన్. "కొంచెం పెరుగు వెయ్యి చాలు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. పెట్టెలో సర్దిన వెండిగిన్నె పెట్టెతో వెళ్లలేదు. సాంబారు డబ్బాకీ పెరుగు గిన్నెకీ మధ్య, తువ్వాలు విప్పేసి, ఖాళీగా కూర్చుని ఉంది. దానికి అడ్డంగా నీలం టేపు, కొంచెం వంకరగా చింపింది. టేపు మీద కూతురి చేతిరాతలో స్పందన అని పేరు, కింద అక్టోబర్ మూడు అని తారీఖు.