గురువారపు నడకలో చివరి మనిషి

తారాబాయి మూడో అంతస్తు వంటగదిలో సింకు తోముతోంది. టీ మరకలు పట్టిన స్టీలు తొట్టిని స్పాంజితో గుండ్రంగా రుద్ది, నీళ్లు వదిలి, మూలలో వేలు పెట్టి చూసి, జిడ్డు తగలగానే మళ్లీ రుద్దింది. ఆ అంతస్తులో కూర్చునే ప్రొఫెసర్లను ఆమె ఎప్పుడూ చూడలేదు. వాళ్లు వచ్చేసరికి ఆమె పని అయిపోతుంది. వాళ్ల కప్పులే ఆమెకు తెలుసు. అంచు విరిగిన నీలం కప్పు మనిషి చక్కెర ఎక్కువ వేసుకుంటాడు. పిల్లి బొమ్మ కప్పు మనిషి సగం తాగి వదిలేస్తుంది. ఈమధ్య రెండు వారాలుగా ఆ కప్పు కదలలేదు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని తారాబాయి రోజూ ఆ కప్పును కడిగి, తుడిచి, అందరికంటే ముందు పెడుతోంది.

తారాబాయి పొట్టి మనిషి. యూనిఫాం చొక్కా కింద ఊలు బనీను, జుట్టు ముడికి రెండు నల్ల క్లిప్పులు, చెవులకు ఎర్రరాళ్ల కమ్మలు. నేల తుడిచే మందునీళ్లలో నాని నాని వేళ్ల కణుపుల దగ్గర చర్మం బిరుసెక్కింది. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. ఆ సంగతి సూపర్‌వైజరుకు ఆమె చెప్పలేదు.

సోమవారం నుంచి ఆమెకు నగరం అవతలి చివర న్యూ లిన్‌లో ఒక ఆఫీసు భవనం ఇచ్చారు. అక్కడ పని సాయంత్రాలు, ఇక పొద్దున్నే యూనివర్సిటీకి రావడం ఉండదు. ఫోనుకు మెసేజ్ వచ్చింది, అంతే. తారాబాయి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నేల ఎక్కడైనా నేలే, తుడవడం ఎక్కడైనా తుడవడమే. ఒక్కటే ఆమెను వారం రోజులుగా నిద్రపోనివ్వలేదు. ఇక మీద ఐలీనమ్మ మోచెయ్యి ఎవరు ముట్టుకుంటారు?

యూనివర్సిటీలో ప్రతి గురువారం ఉదయం పక్షులను చూసే నడక ఉంటుంది. పది పన్నెండు మంది వస్తారు. విద్యార్థులు, లైబ్రరీ వాళ్లు, చుట్టుపక్కల పెద్దవాళ్లు. ముందు నడిచేది ఐలీన్. ఎన్నో ఏళ్ల క్రితం అక్కడే జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పొడుగ్గా, వంగిన చెట్టులా ఉంటుంది. నిరుడు ఒక ఉదయం తారాబాయి చెత్త సంచులు మోసుకెళ్తూ, జనమంతా నోళ్లు తెరిచి చెట్టు పైకి చూస్తుంటే, ఏదో పిల్లి ఇరుక్కుందనుకుని తానూ ఆగింది. ఐలీన్ చెయ్యి ఊపి పిలిచి, తన మెడలోని దుర్భిణి తీసి ఆమె కళ్లకు పెట్టింది. కొమ్మ మీద పిడికెడంత పిట్ట విసనకర్రలా తోక విప్పి గిరగిరా తిరుగుతోంది. ఆ రోజు నుంచి తారాబాయి డ్యూటీ దిగగానే యూనిఫాంతోనే నడకకు వెళ్తోంది.

మొదటి వారమే ఆమె నవ్వుల పాలైంది. గడ్డిలో గోరింకను చూసి ప్రాణం లేచొచ్చి, మా ఊరి పిట్ట, మా ఊరి పిట్ట అని అందరినీ పిలిచి చూపించింది. తను వారాలుగా దానికి చెత్త డబ్బాల వెనక అన్నం మెతుకులు పెడుతున్నట్టు కూడా సంబరంగా చెప్పేసింది. ఇది ఈ దేశానికి ఎప్పుడో ఓడల్లో తెచ్చి వదిలిన పక్షి అనీ, ఇక్కడి పక్షుల గూళ్లలోంచి గుడ్లు తోసేస్తుందనీ ఒకాయన మెల్లగా చెప్పాడు. తారాబాయి ముఖం చిన్నబోయింది. పక్కనున్న అలేఖ్య ఆమె చెవిలో గొణిగింది. "పోన్లెండి ఆంటీ, దానికి రెసిడెన్సీ ఇచ్చింది వీళ్లే, తిట్టేదీ వీళ్లే." అలేఖ్యది తెనాలి వైపు. మట్టి మీద ఏదో పరిశోధన చేస్తోంది. నోటికి తాళం లేని పిల్ల.

ఎవరూ తప్పిపోకుండా అందరికంటే వెనక ఒక మనిషి నడవాలి. ఆ పని ఐలీన్ తారాబాయికి అప్పగించింది. తారాబాయి దాన్ని చాలా శ్రద్ధగా చేసింది. ముసలాయన బూటు లేసు కట్టుకుంటే ఆగింది. ఫోటో తీసే పిల్ల వెనకబడితే ఆగింది. అలా వెనక నుంచి చూస్తూ ఉండటం వల్లే ఒక సంగతి కనిపెట్టింది. రిరోరిరో అని ఇక్కడొక చిన్న బూడిదరంగు పిట్ట ఉంది. కనబడదు, వినబడుతుంది. సన్నని దారం లాగినట్టు పైకీ కిందికీ ఊగే పాట. ఒకనాడు అది ఐలీన్ నెత్తి మీదే పాడుతుంటే, ఈ రోజు ఏ చప్పుడూ లేదని ఐలీన్ అందరికీ చెప్పింది. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరూ ముందుకు నడిచారు.

తారాబాయికి తన అత్త గుర్తొచ్చింది. చెవులు పోయాక ఆమెతో ఇంట్లో ఎవరూ కోపంగా కూడా మాట్లాడలేదు. అసలు మాట్లాడటమే మానేశారు. మళ్లీ చెప్పాల్సి వస్తుందని.

తర్వాతి గురువారం తారాబాయి వెనక నుంచి ముందుకొచ్చి ఐలీన్ పక్కన నడిచింది. కుడివైపు సన్నగా పాట వినబడగానే, తూలినట్టుగా ఆమె కుడి మోచేతిని ముట్టింది. ఐలీన్ అటు తిరిగింది. ఆకు కదలడం చూసింది. పిట్ట పేరు చెప్పింది. ఆ పైన వారం వారం అంతే. కుడివైపైతే కుడి మోచెయ్యి, ఎడమవైపైతే ఎడమ. వాళ్లిద్దరి మధ్య దాని గురించి ఒక్క మాట కూడా నడవలేదు. ఆ ముట్టడం కావాలనేనని ఐలీనమ్మకు తెలియదనే తారాబాయి అనుకుంది. తెలిస్తే మనసు నొచ్చుకుంటుందని భయపడింది కూడా.

సింకు తుడిచి, బకెట్టు బోర్లించి, తారాబాయి కిందికి దిగింది. శరదృతువు. గడ్డి మీద మంచు తడి. అలేఖ్య కాఫీ కప్పు పట్టుకుని బైకుల స్టాండు దగ్గర నిలబడింది. తారాబాయి ఆమెను పక్కకు తీసుకుపోయి, సోమవారం సంగతి చెప్పింది.

"ఇయ్యాల నువ్వు ముందట నడువు బిడ్డా. ఐలీనమ్మ పక్కన."

"నేనా? నాకు కాకి తప్ప ఇంకో పిట్ట తెలీదు ఆంటీ."

"పిట్టలు తెల్వకపోతే ఏం గాదు. ఏ దిక్కు పాట ఇనబడితే ఆ దిక్కు మోచెయ్యి ముట్టు. గంతే."

ఎందుకని అలేఖ్య నోరు తెరవబోయింది. చేతులు ఊపుతూ వస్తున్న ఐలీన్ వైపు చూసింది. మళ్లీ తారాబాయి వైపు చూసింది. నోరు మూసుకుంది. ఆ పిల్ల మాట మధ్యలో ఆపుకోవడం తారాబాయి మొదటిసారి చూసింది.

"ఎవ్వలికీ చెప్పకు," అంది తారాబాయి.

నడక మొదలైంది. తారాబాయి చాలా నెలల తర్వాత మళ్లీ తన పాత చోటుకు, వరస చివరికి వెళ్లింది. లైబ్రరీ ముందు పెద్ద చెట్టు మీద తూయీ అనే నల్లపిట్ట గొంతు చించుకుని అరిచింది. ఐలీన్ తనకు తానే చెయ్యెత్తి చూపించింది. అంత పెద్ద గొంతు ఆమెకు ఇంకా వినబడుతుంది. తారాబాయి ఊపిరి వదిలింది. వరస వాగు పక్కకు దిగింది. చెట్ల కింద వెలుతురు తగ్గింది.

అప్పుడు కుడివైపు నుంచి రిరోరిరో పాడింది.

అలేఖ్య సంచీలో ఫోను మోగుతోంది. ఆ పిల్ల తల వంచి దాని నోరు మూసే పనిలో ఉంది. ఇంత దూరంలో, చివరన, తారాబాయి చెయ్యి తనంతట తానే గాల్లోకి లేచింది. పాట ఆగింది. మళ్లీ మొదలైంది. ముందున్న ఒకరిద్దరు తలలు తిప్పారు.

ఐలీన్ నిలబడిపోయింది. పైకి చూడలేదు. ఏ చెట్టు వైపూ తిరగలేదు. రెండు మోచేతులనూ ఒంటి నుంచి కాస్త ఎడంగా జరిపి, కళ్లు దించుకుని, అలాగే ఉంది.

తారాబాయి ఆ మోచేతులను చూసింది. ఎన్ని గురువారాలుగానో అవి అలాగే, కాస్త ఎడంగానే ఉండేవి. ఆమె నడకే అంత అనుకుంది తను. అది నడక కాదు. అడగడం.

అలేఖ్య ఫోను సంచీలో పడేసి తలెత్తింది. విన్నది. రెండు వేళ్లతో ఐలీన్ కుడి మోచేతిని తాకింది. ఐలీన్ కుడివైపు తిరిగి, ముఖం పైకెత్తి, కాసేపు వెతికి, పిట్ట పేరు చెప్పింది. దుర్భిణులన్నీ అటు లేచాయి. అందరూ పైకి చూస్తున్నప్పుడు ఐలీన్ ఒక్కతే వెనక్కి తిరిగి, అందరి భుజాల మీదుగా వరస చివరికి చూసింది.

తారాబాయి తల తిప్పుకుంది. వెనక ఎవరూ మిగిలిపోలేదు కదా అని ఒకసారి చూసుకుంది.

నడక అయ్యాక ఆమె తన కొద్దిపాటి ఇంగ్లీషులో, పెదాలు కనబడేలా ఎదురుగా నిలబడి, న్యూ లిన్ సంగతి ఐలీన్‌తో చెప్పింది. ఐలీన్ తల ఊపి, ఇల్లెక్కడని అడిగింది.

మధ్యాహ్నం దాటాక శాండ్రింగ్‌హామ్‌లో తారాబాయి ఫ్లాట్ తలుపు బెల్లు మోగింది. కూతురు వర్షిణి డ్యూటీలో ఉంది. నిద్ర కళ్లతో తారాబాయి తలుపు తీసింది. ఐలీన్ బస్సులో వచ్చింది. చేతిలో కాగితపు సంచీ నిండా తన పెరట్లో కాసిన, పచ్చి జామకాయల్లాంటి ఫీజోవా పండ్లు. తారాబాయి అల్లం దంచి, చక్కెర ఎక్కువేసి టీ కాచింది. ఐలీన్ మొత్తం తాగింది. ఫీజోవాను ఎలా తినాలో తారాబాయికి తెలియదంటే, ఐలీన్ కోటు జేబులోంచి చెంచా తీసింది. పండును రెండుగా కోసి, లోపలి తెల్లటి గుజ్జు తోడి ఆమెకు అందించింది. పులుపూ తీపీ కలిసిన, ఏదో అత్తరు లాంటి రుచి. బాగుందని తారాబాయి తల ఊపింది. ఇద్దరూ ఒక్కో చెక్క మార్చుకుంటూ తిన్నారు.

"ఆ అమ్మాయి చెయ్యి మరీ తేలిక," అంది ఐలీన్ నెమ్మదిగా. "నీ చెయ్యి నాకు అలవాటైపోయింది."

తారాబాయికి ఇంగ్లీషు అందలేదు, సంగతి అందింది. "ఆమెదీ అలవాటైతది తియ్యమ్మా," అంది తెలుగులోనే. ఐలీన్ ఆమె పెదాలనే చూస్తూ, అర్థమైనట్టు తల ఊపింది.

తర్వాత ఇద్దరూ కిటికీలోంచి పక్కింటి పైకప్పును చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఐలీన్ లేచి, కోటు బొత్తాలు పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం తారాబాయి మోచేతిని పట్టుకుంది. గుమ్మం దాటి, వానజల్లులో బస్టాపు వైపు నడిచి వెళ్లిపోయింది.

తారాబాయి తలుపు వేసి వంటింట్లోకి వచ్చింది. బల్ల మీద ఖాళీ అయిన ఫీజోవా చెక్కలో, కాడ సన్నగా అరిగిపోయిన వెండి చెంచా ఒకటి, ఈ ఇంటిది కానిది, ఇంకా తడిగా ఉంది.